కాపీ అందరూ నేర్పుతారు, జరపడం ఎవరు నేర్పుతారు?

మా అక్క కూతురు డిగ్రీ అయ్యాక గుంటూరు బ్రాడీపేటలో ఎమ్మెస్ ఆఫీస్ నేర్చుకోవడానికి చేరింది. ఈమధ్య వాళ్లింటికి వెళ్తే నోట్సు తెచ్చి చూపించింది. కుదురైన రాత, ప్రతి పాఠానికీ తేదీ. అందులో ఒక వాక్యం కింద మాత్రం ఎర్ర ఇంకుతో గీత మీద గీత కొట్టి ఉంది: "కట్ వాడరాదు. కాపీ చేసి, పేస్ట్ చేసి, తర్వాత పాతది డిలీట్ చేయాలి."

"ఇదేంటమ్మా, కట్ ఎందుకు వాడకూడదంట?" అని అడిగాను.

"సార్ అలాగే చెప్పారు మావయ్యా. కట్ చేశాక కరెంటు పోతే మేటర్ మొత్తం పోతుందంట. కాపీ అయితే సేఫ్ అన్నారు."

ఆ సారు చెప్పినదాంట్లో నిజం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ ఆ ఎర్ర గీత చూసినప్పటినుంచీ నాకు మనసు కుదురుగా లేదు. విజయవాడలో ప్రూఫులు దిద్దుతూ, చేతిరాత ప్రతుల్ని పుస్తకాలుగా మలుస్తూ బతికేవాణ్ణి నేను. ఆ అమ్మాయికి వద్దని చెప్పిన పనే నా రోజులో సగం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాగితం వదిలి కంప్యూటర్లోకి వచ్చినందుకు రాసేవాడికి దొరికిన అసలైన లాభం, రాసినదాన్ని జరపడం, అంటే ఉన్నచోట కట్ చేసి ఇంకోచోట పెట్టి చోటు మార్చగలగడం. తప్పులు దిద్దుకోవడం, అక్షరాలు అందంగా కనపడటం, పని త్వరగా తెమలడం అన్నీ దాని తర్వాతే. అలాంటి పనిని పిల్లలకు భయం చెప్పి పరిచయం చేస్తున్నాం. కాపీని మాత్రం ఏ జాగ్రత్తా చెప్పకుండా చేతికిచ్చేస్తున్నాం. నా అనుభవంలో పుస్తకాల్ని, కాగితాల్ని ఎక్కువ పాడుచేసింది కాపీయే.

సీసం అక్షరాల రోజుల్లో

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో గవర్నర్‌పేట, గాంధీనగర్ సందుల్లో కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ ప్రెస్సులు ఇంకా ఆడుతున్నాయి. పేజీలు కట్టకముందు తీసే గాలీ ప్రూఫు మీద ఒక పేరా చుట్టూ గీత గీసి, బాణం వేసి, "ఇది పైకి, మొదటి పేరా తర్వాత" అని రాసి పంపితే అక్షరాలు పేర్చే కంపోజిటర్ విసుక్కునేవాడు గానీ చేసేవాడు. ఆ పేరా తాలూకు సీసపు వరసల్ని రెండు చేతుల వేళ్లతో అదిమిపట్టి, ఒక్క వత్తు కూడా జారకుండా ఎత్తి, కొత్త చోట దించేవాడు. పాత చోట ఏర్పడ్డ ఖాళీ కళ్లెదుట కనపడేది. కింది వరసల్ని పైకి నెట్టి దాన్ని మూసేవాడు. ఆ పేరా ఒక్కటే ఉంది, ఇందాక అక్కడుంది, ఇప్పుడు ఇక్కడుంది. ఇందులో ఎవరికీ సందేహం ఉండేది కాదు.

అదే పేరా రెండుచోట్ల రావాలంటే? మళ్లీ అక్షరాల అరల (కేసుల) ముందు నిలబడి ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం, ఒక్కో వత్తు ఏరుకుంటూ మొత్తం పేర్చాలి. తెలుగు కంపోజింగ్ ఎంత చాకిరీయో చేసినవాళ్లకే తెలుసు. అందుకని "ఇది రెండోసారి అవసరమా మాస్టారూ?" అని కంపోజిటరే అడిగేవాడు. సీసంలో జరపడం తేలిక, కాపీ ఖరీదు. ఆ ఖరీదు వల్లే ఒక ప్రశ్న పుట్టేది, ఆ ప్రశ్న వల్ల పుస్తకం బాగుపడేది.

తర్వాత ఆఫ్‌సెట్ వచ్చింది. మేటర్‌ని బ్రోమైడ్ అనే ఫొటో కాగితం మీద తీసుకుని, కత్తిరించి, జిగురుతో లేఅవుట్ షీటు మీద అతికించేవాళ్లు. అక్కడా అంతే. ముక్క ఒక్కటే, దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే ఆలోచన.

కంప్యూటర్లోకి కట్, పేస్ట్ అనే మాటలు వచ్చింది ఇలాంటి బల్లల మీంచే. 1970ల మధ్యలో కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రం పార్క్‌లో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు 'జిప్సీ' అనే, రాత దిద్దే ప్రోగ్రామ్‌ని తయారుచేశారు. అది ఇంజనీర్ల కోసం చేసింది కాదు. జిరాక్స్‌కి అప్పట్లో జిన్ అనే పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ ఉండేది, అక్కడి ఎడిటర్ల కోసం చేశారు. కాగితాన్ని కత్తిరించి అతికించే అలవాటున్న చేతులకు తెలిసిన పనే తెర మీద కనపడాలన్నది వాళ్ల ఆలోచన. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల మధ్య పెరిగినవాడిగా నాకు ఈ సంగతి చాలా ఇష్టం. పాఠ్యపుస్తకాలు, గైడ్లు తయారుచేసే మనుషుల చేతిపనిని చూసి పుట్టిన సదుపాయం ఇది. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయినప్పుడు నాకు తెలిసినవాళ్లందరూ "కాపీ పేస్ట్ కనిపెట్టినాయన పోయాడు" అని చెప్పుకున్నారు. కట్ అనే మాట ఎవరి నోటా రాలేదు.

ఆ తర్వాత 1983లో ఆపిల్ లీసా అనే కంప్యూటర్లో ఇప్పుడు మన వేళ్లకు అలవాటైన జెడ్, ఎక్స్, సి, వి మీటలు వరసగా కుదురుకున్నాయి. కట్, కాపీ రెండు మీటలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద పడ్డ అలవాటు రెండోదాని మీద పడలేదు.

పేరా కదిలితే ఏమేం కదులుతాయి

రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన జ్ఞాపకాల పుస్తకానికి పనిచేశాను. రేపల్లె దగ్గర పల్లెటూరు ఆయనది. మొదటి అధ్యాయం అందరి ఆత్మకథల్లాగే పుట్టుక, వంశం, ఊరి పేరు, చెరువు, బడి అంటూ నడిచింది. లోపలికెక్కడికో వెళ్లాక 1977 నవంబరు 19 రాత్రి, దివిసీమ ఉప్పెన రాత్రి, ఒక పేరాలో వచ్చింది. చదవగానే అనిపించింది, పుస్తకం ఇక్కడ మొదలవ్వాలి అని. ఆయన ఒప్పుకున్నారు. ఆ పేరాని మొదటి పేజీకి తెచ్చాం.

తెచ్చాక చదివితే మొదటి వాక్యం ఇలా ఉంది: "ఆ రాత్రి కూడా ఆయన లాంతరు ఆర్పలేదు."

ఏ రాత్రి? ఎవరాయన? 'కూడా' ఏమిటి? పాత చోట వీటన్నిటికీ జవాబు ముందు పేరాలో ఉంది. వాళ్ల తాతయ్య వాన కురిసే రాత్రుళ్లు దారిన పోయేవాళ్లకు ఇల్లు కనపడాలని వసారాలో లాంతరు వెలిగించే ఉంచేవాడట. అదొక అలవాటు, ఉప్పెన రాత్రి కూడా తప్పలేదు అన్నది వాక్యం. పేరా అక్కణ్ణించి లేచి వచ్చేసింది, అలవాటు అక్కడే ఉండిపోయింది. నారు పీకితే వేళ్లతోపాటు పాత మడి మట్టి వచ్చినట్టు, పేరా వెంట పాత చోటు మాటలు కొన్ని వస్తాయి. 'ఆయన', 'అప్పుడు', 'అందుకే', 'అయినా', 'కూడా', 'పైన చెప్పినట్టు' లాంటివి. వాటిని దులిపి నాటాలి. "1977 నవంబరు 19 రాత్రి మా తాతయ్య వసారాలో లాంతరు ఆర్పలేదు" అని మార్చాం. ఇప్పుడది మొదటి వాక్యంగా నిలబడింది.

రెండో సంగతి చాలామంది చూడరు. పేరా వదిలివచ్చిన చోట ఏమైంది? అక్కడ తర్వాతి పేరా "తెల్లారేసరికి మేకల పాక నేలమట్టమై ఉంది" అని మొదలవుతోంది. ఉప్పెన పేరా మధ్యలోంచి పోయేసరికి ఆ వాక్యం వాన రాత్రుళ్ల అలవాటు గురించిన పేరా వెనకాల చేరింది. చదివితే ఏదో మామూలు వాన రాత్రి గడిచి తెల్లారి పాక పడిపోయినట్టుంది. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మారిపోయింది. ఆ పేరా కూడా దిద్దాం.

జరపడం అంటే ఇదీ. వెళ్లిన చోట ఒక కుట్టు, వదిలిన చోట ఇంకో కుట్టు. ఈ రెండూ వేయాలంటే పుస్తకం మొత్తం తలలో ఉండాలి. ఏది ముందు తెలియాలి, ఏది తెలిశాక ఏది చెప్పాలి అన్నది తేల్చుకోవాలి. నేను రచన అనేది దాన్నే. కొత్త వాక్యాలు పుట్టించడం అందులో ఒక భాగం మాత్రమే.

మరి కాపీ చేసి, పేస్ట్ చేసి, పాతది తర్వాత కొట్టేద్దామనుకుంటే ఏమవుతుంది? పాత పేరా అక్కడే ఉంటుంది కాబట్టి ఆ చోటు ఖాళీ అయినట్టు కంటికి కనపడదు. కుట్టు వేయాలన్న ఆలోచనే రాదు. తీరా ఎప్పుడో కొట్టేసేటప్పుడు, "ఇది పైన ఉందిగా" అని చూసి తీసేస్తాం తప్ప పక్క పేరాలు చదవం. కొట్టేయడం మర్చిపోతే అదే పేరా రెండుసార్లు అచ్చవుతుంది. ఒక బడి పూర్వ విద్యార్థుల సంచికలో, చనిపోయిన హెడ్‌మాస్టారి గురించిన నివాళి పేరా ఆరో పేజీలోనూ, మళ్లీ అదే వ్యాసం చివర్లోనూ ఉండటం నేను చూశాను. ఆ రెండింట్లో ఒకదాంట్లోనే ఆయన పనిచేసిన సంవత్సరాలు దిద్ది ఉన్నాయి. చదివిన శిష్యులు ఏది సరైనదనుకోవాలి?

ఈ రైల్వే పెద్దాయన పుస్తకంలోనే ఇంకో సంఘటన. ఆయన కొడుకు హైదరాబాదులో ఉంటాడు. చేసిన మార్పుల్ని రంగుల్లో చూపించే ట్రాక్ చేంజెస్ ఆన్‌చేసి, మేం దిద్దిన ఫైలు ఆ కొడుక్కి మెయిల్ పెట్టేవాళ్లం. ఒకరోజు ఫోన్ చేసి, "మా ముత్తాత గురించి నాన్న రాసిందంతా కొట్టేశారేంటండీ?" అన్నాడు. గొంతులో కోపం కంటే బాధ ఎక్కువుంది. గాంధీనగర్‌లో మాకు టైపు చేసే ఆవిడ ఆ పేరాని కాపీ చేసి పైన పెట్టి, కిందిది డిలీట్ చేసింది. అందుకని వర్డ్ దాన్ని ఒకచోట కొట్టివేతగా, ఇంకోచోట కొత్తగా చేర్చినదిగా చూపించింది. నిజంగా కట్ చేసి పేస్ట్ చేసినా, మౌస్‌తో లాగి పెట్టినా 2007 నుంచి వస్తున్న వర్డ్ దాన్ని జరిపిన మేటర్‌గా గుర్తుపట్టి ఆకుపచ్చ రంగులో జంట గీతలతో చూపిస్తుంది. "ఇది పోలేదు, పైకి వెళ్లింది" అని చూసేవాడికి తెలుస్తుంది. తండ్రి రాసినది భద్రంగా ఉందా లేదా అన్నది ఆ కొడుక్కి ఎంత ముఖ్యమో ఆలోచించండి. మనం ఏ మీట నొక్కామన్నది అక్కడిదాకా వెళ్లింది.

కాపీ చేసినది ఎవరు చూసుకుంటారు?

మావాళ్లు గుంటూరు శివార్లలో ఒక స్థలం కొన్నారు. దస్తావేజు రాయించుకుని, రిజిస్ట్రేషన్ అయ్యి, అందరికీ స్వీట్లు పంచాక బ్యాంకు లోనుకి వెళ్తే, బ్యాంకు లాయరు హద్దులు రాసే షెడ్యూలు చూసి ఆపేశాడు. పడమర హద్దు 'పంట కాలువ' అని ఉంది. ఆ స్థలానికి పడమర కాలువ లేదు, ఇంకొకరి ప్లాటు ఉంది. ఎవరిదో వేరే దస్తావేజు ఫైలు తెరిచి, పేర్లు, విస్తీర్ణం, సర్వే నంబరు మార్చి, మూడు హద్దులు మార్చి, నాలుగోది వదిలేశారు. సవరణ దస్తావేజు రాయించాల్సి వచ్చింది. అమ్మినాయన అప్పటికే బెంగళూరులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాడు. సంతకం కోసం ఆ వయసులో ఆయన మళ్లీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ మీద కూర్చున్నాడు.

దస్తావేజు రాసినాయన చెప్పిన మాట కొట్టిపారేయను. "ఈ భాష మేం మార్చకూడదండీ. ఏళ్లుగా కోర్టుల్లో నిలబడ్డ భాష. ప్రతిసారీ కొత్తగా రాస్తే ఏదో ఒకటి జారుతుంది" అన్నాడు. నూటికి నూరుపాళ్లు నిజం. క్రయం, స్వాధీనం, పూచీ గురించిన పేరాలు ప్రతి దస్తావేజులోనూ ఒకేలా ఉండాలి. వాటికి కాపీని మించిన మందు లేదు. ఇబ్బంది మనిషికి మనిషికీ మారే భాగంతోనే. పాత ఫైలు మీద రాస్తే మారాల్సినచోట పాత మాట మంచి మాటలాగే కూర్చుని ఉంటుంది. 'పంట కాలువ' అన్నది తప్పులా కనపడదు, నిఖార్సయిన హద్దులా కనపడుతుంది. అదే ఆ నాలుగు హద్దులూ ఖాళీ గీతలుగా ఉన్న నమూనా ఒకటి పెట్టుకుంటే, నింపని గీత సంతకం పెట్టేవాడి కంట్లోనైనా పడుతుంది. 

మా ప్రచురణ రంగంలోనూ ఇదే జబ్బు. గైడ్లు ఒక ఎడిషన్ మీద ఇంకో ఎడిషన్ కట్టుకుంటూ పోతాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆ తర్వాత వచ్చిన ఒక గైడు ప్రూఫులో మొదటి పాఠంలో 26 ఉంది, వెనకాల ప్రశ్న-జవాబుల్లో 13 ఉంది, బిట్లలో మళ్లీ 26. ఒకే వాక్యాన్ని ఎప్పుడో ఎవరో అన్నిచోట్లా కాపీ చేసి పెట్టారు. దిద్దేవాడికి ఎన్నిచోట్ల ఉందో తెలియదు. కాపీ చేసినవాడు ఆ రోజు ఒక పని తప్పించుకున్నాడు. ఆ మాట మారిన రోజున ప్రతి కాపీనీ వెతికి పట్టుకోవాల్సిన పని ఇంకెవరి నెత్తినో పడింది. పరీక్ష రాసే పిల్లవాడి నెత్తిన కూడా.

కాపీ అయితే భద్రం అనే మాట మన తెలుగుకి ఇంకా తక్కువ వర్తిస్తుంది. పాత తరహా తెలుగు ఫాంట్లయిన అను ఫాంట్లలో, పేజీలు కట్టే పేజ్‌మేకర్ ప్రోగ్రామ్‌లో ఉన్న మేటర్‌ని కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టండి, అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ తెలుగు మేటర్ తెచ్చి పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేయండి, వరసగా ప్రశ్నార్థకాలు. ఒక ఫాంటు నుంచి ఇంకోదానికి మార్చే కన్వర్టర్ లోంచి తీస్తే చాలావరకు వస్తుంది గానీ అక్కడో వత్తు, ఇక్కడో సున్నా మిగిలిపోతాయి. వాటిని ఏరడానికే నన్ను పిలుస్తారు. ఒకే ఫైలులో పేరాని పైకో కిందికో జరిపితే ఈ బాధలేవీ లేవు.

భయం ఎక్కణ్ణించి వచ్చింది

ఇప్పుడు ఆ సారు మాట. కట్ చేసిన మేటర్ క్లిప్‌బోర్డులో, అంటే కంప్యూటర్ తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది. కరెంటు పోతే అదీ పోతుంది. ఫైలు డిస్కులో పాతదే ఉంటుంది కదా అనొచ్చు. కానీ కంప్యూటర్లో పేజీలు కట్టే మన డీటీపీ చేతులకు ప్రతి పనికీ ఒకసారి కంట్రోల్ ఎస్ కొట్టే అలవాటుంది. ఎండాకాలం కోతలు నేర్పిన అలవాటది. కట్ చేసి, అలవాటుగా సేవ్ కొట్టి, పేస్ట్ చేసేలోపు కరెంటు పోయిందంటే ఆ పేరా ఎక్కడా ఉండదు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయిన సెంటర్లలో పనిచేసినవాళ్లు ఈ దెబ్బ తిన్నవాళ్లే.

దానికి పేజ్‌మేకర్ తోడైంది. మన ప్రాంతంలో ఒక తరం మొత్తం దాని మీదే పని నేర్చుకుంది. అందులో చేసిన పనిని వెనక్కి తిప్పే అన్‌డూ ఒక్క మెట్టే. కట్ చేశాక ఇంకేదైనా చేస్తే వెనక్కి వెళ్లే దారి లేదు. అలాంటి చోట నేర్చుకున్నవాళ్లు తమ శిష్యులకు "కట్ వాడొద్దు" అని చెప్పడం జాగ్రత్తే, అజ్ఞానం కాదు. జిప్సీకి ముందు పార్క్‌లోనే 'బ్రావో' అనే అలాంటి ప్రోగ్రామే ఇంకోటి ఉండేది. అందులో కొట్టిన అక్షరాల్ని మేటర్‌గా కాక ఆదేశాలుగా తీసుకునే స్థితి (మోడ్) ఒకటి ఉండేది, అందులో ఉన్నప్పుడు పొరపాటున 'ఎడిట్' అనే ఇంగ్లీషు మాట కొడితే, 'ఇ' అంటే మొత్తం ఎంచుకో, 'డి' అంటే తీసెయ్, 'ఐ' అంటే చేర్చు అని అర్థం చేసుకుని డాక్యుమెంటు మొత్తం తుడిచి, మిగిలిన 'టి' ఒక్కటీ చేర్చేదట. మేటర్ పోతుందన్న భయం ఈ పనికి పుట్టుకతోనే ఉంది. ఇలాంటి మోడ్‌లు ఉండకూడదని టెస్లర్ ఏళ్లతరబడి పోరాడాడు.

ఇప్పుడు ఆ భయానికి ఆధారం తగ్గింది. వర్డ్‌లో అన్‌డూ మెట్లు బోలెడు. ఆఫీస్ క్లిప్‌బోర్డు 24 ముక్కల్ని గుర్తుంచుకుంటుంది. విండోస్ 10లో 2018 నుంచి విండోస్ మీటతో వి కొడితే పాత కాపీల వరస కూడా వస్తుంది, ఒకసారి ఆన్‌చేసుకోవాలి. అంతకంటే ముఖ్యం, క్లిప్‌బోర్డు జోలికే పోకుండా జరిపే దారులు వర్డ్‌లో ఉన్నాయి. పేరాలో ఎక్కడైనా కర్సర్ పెట్టి, ఆల్ట్, షిఫ్ట్ కలిపి పట్టుకుని పై బాణం కొట్టండి. పేరా మొత్తం ఒక మెట్టు పైకి వెళ్తుంది. మళ్లీ కొడితే ఇంకో మెట్టు. కింది బాణంతో కిందికి. లిబ్రే ఆఫీస్‌లో అదే పని కంట్రోల్, ఆల్ట్‌తో. పేరా ఒక్క క్షణం కూడా తెర మీంచి మాయం కాదు, ఏ కరెంటు కోతకూ దొరకదు. దూరం జరపాలంటే మేటర్ ఎంచుకుని ఎఫ్2 కొట్టి, కావాల్సినచోట కర్సర్ పెట్టి ఎంటర్ కొడితే చాలు. నేను ఈ ఆల్ట్ షిఫ్ట్ బాణం చూపించినప్పుడు గాంధీనగర్ ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒక పేరాని పైకీ కిందికీ నడిపించి చూసింది. "ఇది మాకెవరూ చెప్పలేదు మాస్టారూ" అంది. ఎన్నేళ్లుగానో ఇదే పనిచేస్తున్న మనిషి ఆవిడ.

నాకున్న అనుమానాలు

ఇంత చెప్పాక, నాకే తేలని విషయాలు రెండున్నాయి.

కాగితం మీద రాసిన పాతతరం వాళ్ల ప్రతులు చూశాను. కొట్టివేతలు తక్కువ, బాణాలు ఇంకా తక్కువ. కలం పెట్టకముందే ఏది ముందు, ఏది వెనక అన్నది తేలిపోయి ఉండేది. జరపడం కష్టం కాబట్టి ముందే ఆలోచించారు. ఇప్పుడు ఎలాగూ జరపొచ్చని మనసులో ఏ ముక్క ఉంటే ఆ ముక్క కొట్టేస్తున్నారు, సర్దేది ఎడిటర్ అనుకుంటున్నారు. ఒక యువ కథకుడు తన కథ మొదలు ఎన్నిరకాలుగా మార్చి పంపాడంటే, చివరికి ఏ మొదలు చదివానో నాకే గుర్తులేదు. జరిపే సదుపాయం నిర్ణయాన్ని వాయిదా వేయిస్తుందన్న వాదనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ కథకుడు ప్రతిసారీ మొదలు మార్చాడు గానీ, మార్చాక కింద పేరాలు దిద్దలేదు. కుట్లు వేయాల్సి వస్తుందని తెలిసినవాడు అన్నిసార్లు విప్పడు.

రెండోది తెలుగు వాక్యం. 'చేసి', 'వెళ్లి', 'చూస్తే', 'అనగానే' అంటూ అసమాపక క్రియలతో గొలుసు కట్టే వాక్యంలోంచి ఒక ముక్క లాగితే మిగతాది కూలిపోతుంది. "వెళ్లి చూసి వచ్చి చెప్పాడు"లో దేన్ని జరుపుతాం? మన భాషకి పేరాలు జరపడం కుదురుతుంది, వాక్యం లోపల కుదరదు అని ఒక మిత్రుడు వాదించాడు. సగం ఒప్పుకుంటాను. క్రియల గొలుసు కాలంతోపాటే నడవాలి. కానీ నామవాచకాలకి మన భాష ఇచ్చినంత స్వేచ్ఛ చూడండి. "ఈ ఇల్లు మా అమ్మ గాజులు అమ్మి కట్టించింది." "మా అమ్మ గాజులు అమ్మి కట్టించింది ఈ ఇల్లు." మొదటిది సమాచారం. రెండోది చెప్పేటప్పుడు గొంతు మారుతుంది. రెండే మాటలు ఎత్తి చివర పెట్టాం, మిగతాదేదీ ముట్టుకోలేదు. పెద్దాయన పుస్తకంలో ఇలాంటి వాక్యాలు ఆయన నోటితో చదివించుకుని, గొంతు ఎక్కడ ఆగితే అక్కడికి మాట జరిపాను.

ఇన్‌స్టిట్యూట్ల వాళ్లకి ఒక విన్నపం. మొదటివారం పాఠంలో మీరు సెలవు చీటీ టైపు చేయించి, దాన్నే పదిసార్లు కాపీ కొట్టిస్తున్నారు. దాని బదులు పేరాలు తారుమారుగా ఉన్న ఒక పేజీ తెలుగు మేటర్ ఇవ్వండి. బందరు కాలువ గురించో, మిర్చి యార్డు గురించో, పిల్లలకు తెలిసినదేదైనా సరే. ఆల్ట్ షిఫ్ట్ బాణాలతో వరస పెట్టమనండి. పెట్టాక 'ఆయన', 'అది', 'కూడా' ఎక్కడ తేలిపోయాయో వెతికి దిద్దమనండి. ఒక గంట పాఠం. వర్డ్ కూడా వస్తుంది, రాయడం కూడా వస్తుంది.

కరెంటు భయం ఇంకా వదలనివాళ్లు కాపీని ఒక్కచోట తప్పకుండా వాడాలి. పని మొదలుపెట్టేముందు ఫైలు మొత్తాన్ని సేవ్ యాజ్ చేసి, పేరు చివర ఆ రోజు తేదీ వేసి, వేరే ఫోల్డర్లో పెట్టేయండి. రచయిత ఇచ్చిన రూపం అక్కడ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇక ఇటువైపు ఫైలులో ఏ పేరానైనా ధైర్యంగా కదపొచ్చు. పుస్తకం అచ్చయి వచ్చేదాకా ఆ పాత ఫైలు తెరవకండి. తెరిస్తే అందులోంచి ఏదో ఒకటి మళ్లీ కాపీ చేయాలనిపిస్తుంది.